మూడో గ్యాలరీలో పేరుపెట్టి పిలిస్తే

4112వ డ్యూటీ

వార్డు రిజిస్టర్లో మందులు, ముక్కు గొట్టాలు, ఉడికించిన మాస్కుల లెక్క మాత్రమే రాయాలి. మిగతావి కడుపులో పెట్టుకుంటే నాకు అరగవు. అందుకే ఈ పుస్తకం.

ఈ రోజు మాస్కులు నలభై మూడు ఉడికించాం. నీళ్లు సన్నగా వచ్చాయి. రెండో ఫ్యాను మళ్లీ మూలిగింది. మెకానిక్ వచ్చి దాన్నో తన్ను తన్ని, బాగైందని సంతకం పెట్టి పోయాడు. మూడో గ్యాలరీలో ముప్పై ఒక్క మంది పిల్లలు ఆ తన్ను మీద ఆధారపడి ఊపిరి పీలుస్తున్నారు. మా తాతల కాలంలో ఈ గని నుంచి బొగ్గు తీశారు. పైన బతకలేని ఎండలొచ్చాక మనుషుల్నే ఇందులోకి దించారు. బొగ్గు పోయినా దాని దుమ్ము పోలేదు. అది పిల్లల ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది.

పదకొండింటికి నా మణికట్టు మీది పలక వణికింది. పంతులు సూర్యం అంకె మార్చాడు. పద్దెనిమిది.

పంతులంటే మనిషి కాదు, వార్డు గోడలో ఉన్న యంత్రం. పిల్లల రక్తమూ, ఊపిరీ, నిద్రా చూసి, బతికే అవకాశం నూటికి ఎంతో మా పలకల మీద వేస్తుంది. జాతకం చెబుతుంది కదా అని నర్సులమే ఆ పేరు పెట్టుకున్నాం. ఆ అంకె తల్లిదండ్రుల చెవిన పడితే మా ఉద్యోగం ఊడుతుంది. ఇరవై కిందికి దిగితే మాత్రం మేం ఒక పని చేయాలి. పిలుపు మార్చాలి.

ఇక్కడ బిడ్డను చేర్పించిన రోజు నుంచి తల్లికీ తండ్రికీ సొంత పేరుండదు. చినుకు అమ్మా, సూర్యం నాయినా, అంతే. అంకె ఇరవై దిగిన రోజు నుంచి సొంత పేరు, దాని వెనక గారు. బిడ్డ పేరుతోనే బతికిన మనిషి బిడ్డ పోయాక లేచి నిలబడలేదట. రెండు రోజుల ముందే ఆ మనిషి పేరు ఆ మనిషికి తిరిగి ఇచ్చేస్తే లోలోపల సిద్ధపడుతుందట. ట్రైనింగులో అలా నేర్పారు. తెలియకుండా పనిచేసే మందు అన్నారు. పదమూడేళ్లుగా ఆ మందు పోస్తున్నాను.

"రాజలింగం గారూ," అన్నాను.

సూర్యం నాయిన కొడుకు కాళ్లకు నూనె రాస్తున్నాడు. నా వైపు చూడలేదు. నూనె సీసాకు మూత బిగించి, "ఎండ చీటీ రాసియ్యి సిస్టర్," అన్నాడు.

బతకరని తేలిన పిల్లలను పొద్దు పొడిచే వేళ అరగంట పైకి తీసుకెళ్లి ఆకాశం చూపించుకోవచ్చు. ఎండ చీటీ అంటే అందుకిచ్చే అనుమతి. నేనింకా దాని మాటే ఎత్తలేదు. కొడుకు ముఖం చూసి గ్రహించాడు కాబోలు, తండ్రి కదా అనుకున్నాను.

4114వ డ్యూటీ

సూర్యం పోయాడు. మాస్కులు నలభై రెండు.

4115వ డ్యూటీ

సూర్యం మంచం మీదికి మైనా వచ్చింది. ఆరేళ్ల పిల్ల. ఇక్కడ పుట్టిన పిల్లలకు పైనున్న వాటి పేర్లే పెడతారు. వాళ్లెవరూ పిట్టను చూడలేదు, చినుకును చూడలేదు. మైనా రాగానే నా చేయి కొరికింది. తర్వాత, "నొచ్చిందా?" అని అడిగింది. నొచ్చిందన్నాను. "మరి నీ సూది గూడ గట్లనే నొస్తది," అంది. నాకు నవ్వాగలేదు.

పంతులు అరవై నాలుగు వేశాడు. ఈ వార్డులో అది పండగ అంకె. ఊపిరితిత్తులను ఒక్కొక్కటిగా గోరువెచ్చని ఉప్పునీటితో పదకొండుసార్లు కడగాలి. మధ్యలో నాలుగు రోజులకు మించి ఆపకూడదు. ఆపితే కదిలిన మసి మళ్లీ గట్టిపడుతుంది. మత్తు మందు కొరత వల్ల సగం మెలకువలోనే కడుగుతాం. అది చూసిన తల్లి ఎవరూ ఆ పూట అన్నం తినరు.

తల్లి రెండో గ్యాలరీ బడిలో టీచరు. పేరు రత్నమాల. నేను "మైనా అమ్మా, ఇక్కడ సంతకం," అనగానే కాగితం పక్కన పెట్టేసింది.

"నాకు పేరు లేదా సిస్టర్?"

"ఇక్కడి పద్ధతి అది."

"బడిల టీచర్ అంటరు. ఇంట్ల మా ఆయన ఏమే అంటడు. ఈడికొస్తే మైనా అమ్మ. నా పేరు నేనే మర్చిపోయేటట్టున్న. నువ్వన్న రత్నమాలా అనరాదు?"

నాకు ఆమె నచ్చింది. నన్ను కూడా ఎస్తేరు అని పిలిచి ఎన్నాళ్లయింది? అందరికీ సిస్టర్‌నే. ఎవరూ లేనప్పుడు పిలుస్తానని మాటిచ్చాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అనేది. మా అమ్మ మాట నేనెప్పుడు విన్నాను గనక.

4121వ డ్యూటీ

మైనాకు ఐదు కడుగుళ్లు అయ్యాయి. అంకె డెబ్బై ఒకటి. ఆరేళ్ల పిల్లకు ఇంత గట్టి గుండె ఉండటం నేను చూడలేదు. కడిగేటప్పుడు నా వేళ్లు పట్టుకుని ఒకటి నుంచి లెక్కపెడుతుంది. నూట నలభై దాకా వచ్చింది ఈ రోజు. తర్వాత ఏడ్చింది, ఏడుస్తూనే నూట నలభై ఒకటి అంది.

మా ఇద్దరికీ, అంటే నాకూ రత్నమాలకూ, మాస్కులు ఉడికించే గదిలో కబుర్లు అలవాటయ్యాయి. అక్కడ నేను ఆమెను పేరుతోనే పిలుస్తాను. ఆరు రోజుల్లో నాలుకకు అలవాటైపోయింది. ఈ మధ్యాహ్నం మైనా గొట్టం ఊడిపోతే వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు అరిచాను, "రత్నమాల గారూ! తొందరగా రండి!" అని.

గొట్టం పెట్టేశాం. ఏమీ కాలేదు. వార్డు మాత్రం ఒక్కసారిగా మూగపోయింది. చినుకు అమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టింది. నా కేకకు పిల్లలు జడుసుకున్నారని అనుకున్నాను.

4122వ డ్యూటీ

వార్డులో మంచితనం పెరిగింది. నీళ్ల క్యూలో కొట్టుకునే ఆడవాళ్లు ఈ రోజు రత్నమాలను ముందుకు పంపారు. ఎవరో తమ పిల్లకు దాచుకున్న బెల్లం ముక్క మైనా చేతిలో పెట్టారు. చినుకు అమ్మ వాళ్ల మంచం చుట్టూ ఊడ్చింది. ఇంతటి కలుపుగోలుతనం పదమూడేళ్లలో చూడలేదని రాసుకుంటున్నాను.

రత్నమాల నా దగ్గరికొచ్చి, "అందరు నన్ను ముందటికి తోలుతాన్రు. నా మొకం దిక్కు చూస్తలేరు. ఏమైంది సిస్టర్?" అని అడిగింది. "నువ్వు టీచరువి కదా, మర్యాద," అన్నాను.

4123వ డ్యూటీ

ఆరో కడుగుడికి మైనాను తీసుకెళ్లడానికి వెళ్లాను. రత్నమాల మంచానికి అడ్డంగా నిలబడి ఉంది. కళ్లు వాచి ఉన్నాయి.

"నిజం చెప్పు సిస్టర్. నా బిడ్డకు ఎన్ని దినాలు?"

"ఏం మాట్లాడుతున్నావు?"

"అందరికి ఎరికే. నువ్వు పేరువెట్టి పిలిస్తె ఆ పిల్ల మూడు దినాలు దాటది. రాజలింగమన్నను పిలిచినవ్, సూర్యం పోయిండు. చినుకు అమ్మ తొమ్మిది మందిని లెక్కవెట్టింది. ఒక్కరు మిగల్లే."

తెలియకుండా పనిచేసే మందట! మేం నోరు తెరిచిన ప్రతిసారీ ఈ ముప్పై ఒక్క ఇళ్లవాళ్లూ ప్రాణాలు బిగబట్టుకుని వింటున్నారన్నమాట. పొద్దున్నే నేను వార్డులోకి రాగానే అందరూ పలకరించేది నా మీద ప్రేమతో అనుకున్నాను. మొదటి మాట ఏమని పిలుస్తానో వినడానికి. రాజలింగం నా వైపు ఎందుకు చూడలేదో ఇప్పుడర్థమైంది.

"నీ పేరు పిలవమని నువ్వే కదా అడిగింది!" అన్నాను.

"అడిగిన. చాటుకు పిలుస్తనన్నవ్. మొన్న అందరి ముందట ఎందుకు పిలిచినవ్?"

"నోరు జారింది."

"జారినప్పుడే నిజం బయటవడేది," అంది.

చేయకూడని పని చేశాను. పలక విప్పి ఆమె ముందు పెట్టాను. డెబ్బై ఒకటి. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. ఆమె చాలాసేపు చూసింది.

"గిది రాజలింగమన్నకు చూపిచ్చినవా?"

"లేదు."

"మరి నాకెందుకు చూపిస్తానవ్? నేను కడగనియ్యనంటానని కదా? పిల్లగాండ్లు భయపడ్తే నేను గూడ బోర్డు మీద తప్పును ఒప్పని రాసిన."

అప్పుడే డాక్టర్ ముకుందం వచ్చాడు. మంచివాడు, కుర్రవాడు. ఆయనకు విషయం చెప్పాను. నేను సరిచేస్తానని నవ్వుతూ వెళ్లి, "మైనా అమ్మా, పాప బ్రహ్మాండంగా ఉంది, కడుగుడికి పంపించండి," అన్నాడు. వెనక నుంచి చినుకు అమ్మ, "చూసినవా బిడ్డా? మనకు తెలిసిపోయిందని మళ్ల మాట మార్చిన్రు," అంది. పేరు పిలిస్తే చావు, పిలవకపోతే మోసం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రత్నమాల మైనాను ఒళ్లోకి తీసుకుంది. "పొయ్యే పిల్లకు గీ నరకమెందుకు సిస్టర్? ఇగ ముట్టకుండ్రి," అంది. తల్లి వద్దంటే మేం కడగకూడదు. అది కూడా రూలే.

ఆరు కడుగుళ్లు మిగిలున్నాయి. రెండు రోజుల గడువు ఉంది.

4124వ డ్యూటీ

పొద్దున్నే వచ్చేసరికి మైనా మంచం ఖాళీ. లిఫ్టు దగ్గరికి పరుగెత్తాను.

లిఫ్టు ఎల్లయ్య ముసలివాడు. ముప్పై ఏళ్లుగా ఎండ చీటీలు చూసి మనుషుల్ని పైకి పంపుతున్నాడు. "చీటీ లేకుండా ఎలా పంపావు?" అని కసిరాను.

"చీటీ ఎందుకమ్మా? సిస్టర్ నిన్నేమని పిలిచింది బిడ్డా అని అడిగిన. రత్నమాల గారూ అని పిలిచిందన్నది. ఇగ కాయిదమెందుకని పంపిన. మస్తుగ ఏడ్చింది పాపం."

నేను సంతకం పెట్టిన చీటీ కన్నా నా నోటి మాటే గట్టిదని నమ్మాడు. నేను పైకి వెళ్లాను. పదేళ్ల తర్వాత మొదటిసారి.

ఇద్దరూ కాంక్రీటు గట్టు మీద కూర్చుని ఉన్నారు. తూర్పు ఎర్రగా ఉంది. గాలి లేచింది, దాంతో పాటు బూడిద రంగు దుమ్ము. మైనా ముఖానికి మాస్కు లేదు. ఆకాశం మంచిగ కనిపించాలని తల్లే తీసేసిందట. ఐదుసార్లు కడిగి పచ్చి పుండులా ఉన్న ఊపిరితిత్తులవి. మైనా నన్ను చూసి, "సిస్టర్, గీ మీద కప్పు ఏడికి పొయింది?" అని అడిగింది. మాస్కు తొడిగి ఎత్తుకుని దిగాను. రత్నమాల నా వెనకాలే వచ్చింది.

కోపం వచ్చింది నాకు. ఆమె మీద, ఎల్లయ్య మీద, ట్రైనింగు ఇచ్చిన వాళ్ల మీద. ఇంటికెళ్లాక ఆ కోపమంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది.

4125వ డ్యూటీ

అంకె డెబ్బై. మైనా ఆడుకుంటోంది, అందరికీ ఆకాశం కథలు చెబుతోంది. కడుగుడికి తల్లి ఒప్పుకోలేదు. డాక్టర్ బతిమాలాడు, నేను కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. రత్నమాల గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను ఏ పేరుతోనూ పిలవకుండా "ఏమండీ" అన్నాను. అదీ అనుమానమే అయింది.

4128వ డ్యూటీ

మాస్కులు నలభై నాలుగు. నీళ్లు లేవు, రెండు పూటలా ఒకే నీళ్లతో ఉడికించాం.

నేను పేరు పిలిచి ఏడు రోజులైంది. మూడు రోజులు దాటరన్న పిల్ల వార్డంతా గంతులేస్తోంది. ఆడవాళ్లు మళ్లీ లెక్కలు వేసుకున్నారు. మధ్యాహ్నం రత్నమాల మాస్కుల గదిలోకి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు నిజమే చెప్పినవ్ సిస్టర్. నేనే నమ్మలే. నన్ను తిట్టు."

తిట్టలేదు. ఇద్దరం ఏడ్చాం. ఆరో కడుగుడికి సంతకం పెట్టింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "నన్ను మైనా అమ్మనే పిలువు. నా పేరు ఇంటె ఇప్పుడు నాకు దడ వుడుతాంది," అంది. సరేనన్నాను.

కడగడం సాయంత్రం మొదలుపెట్టాం. నీళ్లు లోపలికి వెళ్లాయి, బయటికి రావడం లేదు. ఏడు రోజుల విరామానికి మసి గట్టిపడింది. దాని మీద పైనుంచి తెచ్చుకున్న దుమ్ము. మైనా ముప్పై దాకా లెక్కపెట్టి ఆపేసింది. డాక్టర్ నా ముఖం చూశాడు. జ్వరం మొదలైంది. అంకె యాభై రెండు.

తల్లికి ఏం చెప్పాలన్నాను డాక్టర్‌తో. "కొంచెం జ్వరమని చెప్పండి," అన్నాడు. కొంచెం జ్వరమని చెప్పాను. చెప్పగానే నమ్మింది.

4129వ డ్యూటీ

ముప్పై మూడు. రత్నమాల నన్ను నాలుగుసార్లు అడిగింది, తగ్గుతోందా అని. జ్వరం తగ్గుతోందన్నాను. జ్వరం నిజంగానే తగ్గింది. ఒంట్లో పోరాడే శక్తి అయిపోతే జ్వరం కూడా తగ్గుతుందని ఆమెకు చెప్పలేదు.

4130వ డ్యూటీ

ఇది ఇంటికొచ్చి రాస్తున్నాను.

పొద్దున పదింటికి పలక వణికింది. పదహారు. కింద ఎర్ర అక్షరాల్లో, పిలుపు మార్చాలి అని. డాక్టర్ తలుపు దగ్గర నుంచి, "మార్చారా సిస్టర్?" అని అడిగాడు. ఇంకా లేదన్నాను. "ఈ పూటే మార్చండి," అని వెళ్లిపోయాడు. ఆయనకూ ఆమె ముఖం చూసే ధైర్యం లేదు.

నేను మంచం దగ్గరికి వెళ్లాను. వార్డంతా నా నోటి వైపే చూస్తోంది. రత్నమాల మైనా తల దువ్వుతోంది. నన్ను చూసి నవ్వింది. పదిహేను రోజుల్లో మొదటిసారి నిండుగా నిద్రపోయిన ముఖం. జ్వరం లేదు కదా, బిడ్డ బాగుపడుతోందనుకుంది. నాలుక చివర దాకా వచ్చింది ఆమె పేరు.

"మైనా అమ్మా, రాత్రి బాగా పడుకుందా?" అన్నాను.

వార్డు మొత్తం ఊపిరి వదిలింది. చినుకు అమ్మ మళ్లీ గిన్నెలు తోముకోవడం మొదలుపెట్టింది.

మైనా సన్నటి గొంతుతో, "అమ్మా, నాకు అంబలి కావాలె. నువ్వు చేసేది. వీళ్లది బాగుండది," అంది. రెండు రోజుల తర్వాత తిండి అడిగింది. రత్నమాల సంబరం చెప్పలేను. ఇల్లు రెండో గ్యాలరీలో ఉంది. వెళ్లి, వండి, తీసుకురావడానికి మూడు గంటలు. ఆమె నన్ను అడిగింది, "పోయొస్త సిస్టర్, నువ్వుంటవు కదా?"

అప్పుడైనా చెప్పొచ్చు. వెళ్లకు, ఇక్కడే కూర్చో అని ఒక్క మాట. కానీ రెండు రోజులుంటుంది, వచ్చాక చెబుదాం, ఈ ఒక్క పూట సంతోషంగా ఉండనిద్దాం అనుకున్నాను. నన్ను నమ్మిన మనిషి. ఆ నమ్మకం మళ్లీ పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. ఆమె కోసం అని రాయబోయాను, అది అబద్ధం. నా కోసమే.

"పోయి రా. నేనుంటాను," అన్నాను.

ఒంటిగంటకు ఊపిరి మారింది. డాక్టర్ గొట్టం పెట్టాడు, తీశాడు. రెండో గ్యాలరీకి మనిషిని పంపాం. ఈలోగా నేను మైనా చేయి పట్టుకుని కూర్చున్నాను. వేళ్లు చల్లబడ్డాయి. ఒకటి, రెండు అని నేనే లెక్కపెట్టాను. అది గొంతు కలపలేదు. ఒకటీ నలభైకి పంతులు సున్నా వేశాడు.

మేం పంపిన మనిషి ఆమెకు దారిలో ఎదురు కాలేదట. ఆమె అడ్డదారిన వచ్చింది, అంబలి చల్లారిపోతుందని. రెండింటికి వార్డులోకి వచ్చింది. గిన్నె చుట్టూ కొంగు చుట్టి, రెండు చేతులతో పట్టుకుని. ఆడవాళ్లంతా పక్కకు తప్పుకుని దారిచ్చారు.

మంచం దగ్గర నిలబడింది. దుప్పటి ముఖం మీది దాకా కప్పి ఉంది. గిన్నె కింద పెట్టలేదు.

"పొద్దుగాల్నే తెలుసా నీకు?"

"తెలుసు," అన్నాను.

"తెలిసే మైనా అమ్మా అన్నవా?"

"అవును."

నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె కొంగు చివరతో గిన్నె అంచు తుడిచింది, ఏదో కారినట్టు.

"నన్ను అడిగిందా?" అంది.

లేదని చెప్పొచ్చు. నిద్రలోనే పోయింది, ఏమీ తెలియలేదు అని మేం ప్రతి ఒక్కరికీ చెప్పే మాట ఉంది. అది కూడా ట్రైనింగులోదే. నోటి దాకా వచ్చింది.

"అడిగింది," అన్నాను. "రెండుసార్లు అడిగింది."